పొడవాటి ఇంగ్లిష్ మాటకు తోకే ఆనవాలు

ఏ, సీ, డీ, ఈ, ఐ, ఎన్, ఓ, టీ, యూ. ఈ తొమ్మిది ఇంగ్లిష్ అక్షరాలిచ్చి, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడుతూ వీలైనంత పొడవైన మాట చెప్పమంటే చాలామంది క్యాట్, కోట్, నోట్ దగ్గర మొదలుపెడతారు. కాస్త కుదురుగా చూసినవాళ్లు డాన్స్ అంటారు, ఇంకొంచెం ముందుకెళ్లి యాక్షన్ అంటారు. ఆరు అక్షరాలకు బండి ఆగిపోతుంది. తొమ్మిదీ వాడిన మాట మాత్రం చిన్నప్పటి నుంచి రోజూ వింటున్నదే: ఎడ్యుకేషన్. అవే తొమ్మిదితో ఇంకో రెండు కూడా వస్తాయి. హెచ్చరించారు అనడానికి వాడే కాషన్డ్, వేలం వేశారు అనడానికి వాడే ఆక్షన్డ్.

ఈ మూడింటిలో డిక్షనరీ తీయాల్సినంత కష్టమైన మాట ఒక్కటీ లేదు. అంటే తేడా పదసంపదలో లేదు, వెతికే తీరులో ఉంది. చిన్న మాట పట్టుకుని దానికి ఒక్కో అక్షరం తగిలించుకుంటూ పోతే ఎప్పటికో పెద్ద మాట వస్తుందని అనుకుంటాం. ఇంగ్లిష్‌లో పెద్ద మాటలు అలా పెరగవు. ఒక మొదలు ఉంటుంది, దానికి ఎప్పుడూ కనిపించే ఏదో ఒక తోక తగులుకుంటుంది. ఇంగ్, ఈడీ, షన్, నెస్, మెంట్, ఏబుల్, ఇటీ లాంటివి. మొదళ్లు వేలల్లో ఉంటే, తరచుగా వాడే తోకలు ఓ పాతికకు మించవు. ఆ పాతికలో ఏవి కుదురుతాయో ముందు చూసుకుంటే మిగిలే పని చిన్నది.

ఎంత చిన్నదో లెక్క వేసి చూడొచ్చు. తొమ్మిది వేర్వేరు అక్షరాలను వరుస మార్చి పేర్చడానికి 3,62,880 పద్ధతులున్నాయి. అందులో టీ-ఐ-ఓ-ఎన్ అనే నాలుగింటినీ తీసి చివర పెట్టేస్తే మిగిలేవి ఐదు. వాటిని పేర్చే పద్ధతులు 120. ఏ, సీ, డీ, ఈ, యూ అనే ఆ ఐదింటిని కాసేపు అటూ ఇటూ తిప్పితే ఈ-డీ-యూ-సీ-ఏ రాకుండా పోదు. షన్ బదులు ఈ-డీ తీసి పక్కన పెడితే మిగిలేవి ఏడు, పద్ధతులు 5,040. ఎక్కువే, కానీ ఆ ఏడింటిలోనూ మళ్లీ షన్ తోక కనిపిస్తుంది. దాన్నీ జరిపేస్తే సీ, ఏ, యూ మూడే మిగిలి, సీ-ఏ-యూ అంటే కాషన్, ఏ-యూ-సీ అంటే ఆక్షన్ అయి కూర్చుంటాయి. ఒకే అక్షరాల గుంపు ఏ తోక పట్టుకుంటే ఆ మాట ఇచ్చింది.

ఇక్కడ తెలుగువాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది. మన రాత పలుకుని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్ మాటను కూడా చెవితోనే వెతుకుతాం. ఎడ్యుకేషన్ అని మనసులో అనుకోగానే ‘ష’ కోసం ఎస్, హెచ్ ఉన్నాయా అని చూస్తాం. లేవు. దాంతో ఆ మాట రాదని వదిలేస్తాం. నిజానికి అక్కడ ‘ష’ పలికించేది టీ-ఐ. ఇలాంటి ఆటల్లో చెవి మాట వింటే పప్పులో కాలేసినట్టే. అక్షరాలను జట్లుగా చూడటం అలవాటు చేసుకోవాలి. ఉదాహరణకు మాట మొదట్లో కాకపోతే హెచ్ ఒంటరిగా పెద్దగా తిరగదు. ఎక్కువగా సీ, ఎస్, టీ, పీ, జీలలో ఏదో ఒకదాని వెనకే ఉంటుంది. జీ, హెచ్, టీ మూడూ కనిపిస్తే లైట్, రైట్, నైట్ కుటుంబం గుర్తుకు రావాలి, ఆ జీ, హెచ్ పలకవు కాబట్టి చెవి వాటిని ఎప్పటికీ అందించదు.

తెర మీదకు ఎక్కిన ఆట

ఈ విద్యను టీవీ పోటీగా మార్చింది ఫ్రాన్స్. 1965లో అక్కడ మొదలైన కార్యక్రమం పేరుకు అర్థమే ‘అన్నిటికన్నా పొడవైన మాట’. దాని ఆధారంగా బ్రిటన్‌లో కౌంట్‌డౌన్ వచ్చింది. 1982 నవంబర్ 2న ఛానల్ 4 పుట్టిన రోజే అందులో ప్రసారమైన మొట్టమొదటి కార్యక్రమం అదే. పోటీదారు అచ్చు కావాలో హల్లు కావాలో ఒక్కోసారి అడుగుతూ తొమ్మిది అక్షరాలు తీయిస్తాడు. మూడు అచ్చులు, నాలుగు హల్లులు తగ్గకూడదు. తర్వాత గడియారం 30 సెకన్లు తిరుగుతుంది. ఎన్ని అక్షరాల మాట చెబితే అన్ని పాయింట్లు. తొమ్మిదీ వాడితే మాత్రం తొమ్మిదికి బదులు 18.

ఈ రెట్టింపు నిబంధన వల్ల ఎనిమిది అక్షరాలకూ తొమ్మిదికీ మధ్య పది పాయింట్ల అగాధం ఏర్పడింది. తోకల పద్ధతిలో ఉన్న ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే బయటపడుతుంది. ఈ తొమ్మిది చూడండి: ఏ, ఈ, జీ, హెచ్, ఐ, ఎం, ఎన్, ఆర్, టీ. తోకలు వెతకడం వచ్చినవాడి కన్ను వెంటనే ఐ-ఎన్-జీ మీద పడుతుంది. వాటిని తీసేస్తే ఏ, ఈ, హెచ్, ఎం, ఆర్, టీ. అందులో ఎర్త్ ఉంది. ఎర్తింగ్! ఇంట్లో కరెంటు పని చేయించినవాళ్లందరికీ తెలిసిన మాట, ఎనిమిది అక్షరాలు, ఒక్క ఎం మిగిలింది. ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. ఇంగ్‌ని వదలకుండా ఆ ఎంని ఇరికించాలని మిగతా సెకన్లన్నీ ఖర్చవుతాయి. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మొండితనం ఇది. ఐ-ఎన్-జీని విడగొట్టి, జీని హెచ్ పక్కకు చేర్చినవాడికి నైట్ కనిపిస్తుంది, మిగిలిన ఎం-ఏ-ఆర్-ఈ మేర్. నైట్‌మేర్, తొమ్మిది అక్షరాలు, 18 పాయింట్లు.

కాబట్టి తోకతో పాటు చూడాల్సింది మరొకటుంది: రెండు పొట్టి మాటలు అతుక్కుని ఒక పెద్ద మాట అయ్యే అవకాశం. కౌంట్‌డౌన్ అనే పేరు కూడా అలా అతికిందే, అదీ తొమ్మిది అక్షరాలే. తోక దొరికినా అది చివర పెట్టడానికే వచ్చిందని నమ్మకూడదు.

ఎనిమిది అక్షరాల ఇంకో గుంపు రెండు వైపులనూ ఒకేసారి చూపిస్తుంది. ఏ, ఈ, జీ, ఐ, ఎల్, ఎన్, ఆర్, టీ. ఇంగ్ తీసేస్తే మిగిలిన ఐదింటితో అలర్ట్ అవుతుంది, ఆల్టర్ అవుతుంది. అంటే అలర్టింగ్, ఆల్టరింగ్ వచ్చేశాయి. రిలేటింగ్ కూడా వస్తుంది కానీ అంత తేలిగ్గా కాదు. రిలేట్ చివర ఉన్న ‘ఈ’, ఇంగ్ చేరగానే రాలిపోతుంది కాబట్టి, మిగిలిన అక్షరాల్లో రిలేట్ అనే మాట పూర్తిగా కనిపించదు. ఆర్-ఈ-ఎల్-ఏ-టీ అనే మొండెం మాత్రమే కనిపిస్తుంది. ఇంగ్‌ని గట్టిగా పట్టుకున్నవాళ్లకు అస్సలు తగలని రెండు మాటలు మిగిలే ఉన్నాయి, ట్రయాంగిల్, ఇంటిగ్రల్. లెక్కల మాస్టార్లు మాత్రం వీటినే ముందు పట్టుకుంటారేమో.

‘ఉండాలి’ అంటే ఎలా ఉండాలి

ఇచ్చిన అక్షరాలున్న పెద్ద మాట కావాలి అన్నప్పుడు ఆ ప్రశ్నలో మూడు వేర్వేరు ప్రశ్నలు దాగున్నాయి. వాటిని విడదీయకుండా వెతకడం మొదలుపెడితే టైం దండగ. ఇచ్చినవి మాత్రమే, ఒక్కోటి ఒక్కసారే వాడాలన్నది మొదటి రకం. కౌంట్‌డౌన్ అదే, చేతిలో ఏడు అక్షరాల బిళ్లలు పెట్టుకుని బల్ల మీద మాటలు పేరుస్తూ ఆడే స్క్రాబుల్ కూడా చాలావరకు అదే. ఇచ్చినవి మాత్రమే కానీ ఎన్నిసార్లయినా వాడొచ్చన్నది రెండోది. ఇచ్చినవన్నీ ఉండాలి, వాటితో పాటు వేరేవి ఎన్ని ఉన్నా పర్వాలేదన్నది మూడోది. మొదటి రకంలో పొడవుకు పైహద్దు ముందే తెలుసు. రెండోదానిలో హద్దు లేదు. మూడోదానిలో పొడవు అడగడానికే పెద్దగా అర్థం లేదు, ఎందుకో కాసేపట్లో చూద్దాం.

మన అవధానాల్లోనూ అక్షరాల మీద ఆంక్షలుంటాయి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఏ అక్షరం వాడకూడదో అడ్డుపడుతూ చెబుతాడు, న్యస్తాక్షరిలో ఏ చోట ఏ అక్షరం పడాలో ముందే చెబుతాడు. అయితే అవధానికి సమాసం కల్పించుకునే స్వేచ్ఛ ఉంది. ఇంగ్లిష్ అక్షరాల ఆటల్లో ఆ వెసులుబాటు లేదు. ఒప్పుకున్న జాబితాలో ఉంటే మాట, లేకపోతే కాదు.

తోకల ప్రభావం ఎంతో చూడాలంటే ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, కీబోర్డు చాలు. పై వరుసలో క్యూ నుంచి పీ దాకా పది అక్షరాలున్నాయి. ఆ పదింటితోనే, మళ్లీ మళ్లీ వాడుకుంటూ వచ్చే పొడవాటి మామూలు మాటల్లో టైప్‌రైటర్ ఒకటి. పది అక్షరాలు. ప్రొప్రయిటర్, పర్పెచ్యుటీ, రెపర్టోర్ కూడా పదేసి అక్షరాలవే. పై వరుసలో ఈ, యూ, ఐ, ఓ ఉన్నాయి కాబట్టి అచ్చులకు కొరత లేదు. ఎన్, జీ, డీ, ఎస్ లేవు కాబట్టి ఇంగ్, ఈడీ, నెస్, షన్ అన్నీ పోయాయి. మిగిలిన తోకలు ఈ-ఆర్, ఓ-ఆర్, ఐ-టీ-వై. టైప్‌రైటర్ మొదటిదానితో, ప్రొప్రయిటర్ రెండోదానితో, పర్పెచ్యుటీ మూడోదానితో ముగుస్తాయి. మధ్య వరుసలో అచ్చు ఒక్క ఏ మాత్రమే. అక్కడ వాడుక మాటల్లో పశువుల మేత ఆల్ఫాల్ఫా దగ్గరే దాదాపు ఆగిపోవాలి, అది ఏడు అక్షరాలు. కింది వరుసలో అచ్చే లేదు, మాటా లేదు.

ఎడమ చేయి, కుడి చేయి పోలిక ఇంకా బాగుంటుంది. టైపింగ్ నేర్పే పద్ధతిలో ఎడమ చేతికి వచ్చే అచ్చులు ఏ, ఈ రెండే. కుడి చేతికి ఐ, ఓ, యూ మూడు, పైగా వై కూడా. అచ్చులను బట్టి చూస్తే కుడి చేతి మాటలే పొడవుగా ఉండాలి. జరిగేది దీనికి తలకిందులు. ఎడమ చేత్తో స్టూవర్డెసెస్, ఆఫ్టరెఫెక్ట్స్ కొట్టొచ్చు, రెండూ పన్నెండేసి అక్షరాలు. కుడి చేత్తో వచ్చే వాడుక మాటలు మొనాపలీ, లాలీపాప్ లాంటి ఎనిమిది అక్షరాలవి, మహా అయితే తొమ్మిది అక్షరాల పాలిఫనీ. కారణం తోకలే. ఎస్, ఈ, డీ, ఆర్, టీ, జీ అన్నీ ఎడమ పక్కనే ఉండిపోయాయి. కుడి పక్కన ఐ-ఓ-ఎన్ ఉన్నా దాని ముందు నిలబడాల్సిన టీ లేదు. మిలియన్, ఒపీనియన్‌తో సరిపెట్టుకోవాలి.

ఎస్‌ని పక్కన పెట్టిన ఆట

రెండో రకం ప్రశ్నకు ఇప్పుడు బాగా తెలిసిన ఉదాహరణ న్యూయార్క్ టైమ్స్ వాళ్ల స్పెల్లింగ్ బీ. 2014లో వాళ్ల పత్రికలో అచ్చులో మొదలై 2018లో ఆన్‌లైన్‌కు వచ్చింది. తేనెపట్టు ఆకారంలో ఏడు అక్షరాలు, మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. మాట నాలుగు అక్షరాలకు తగ్గకూడదు, మధ్య అక్షరం తప్పనిసరి, ఏదైనా ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. నాలుగక్షరాల మాటకు ఒక పాయింటు, అంతకన్నా పెద్దదానికి అక్షరానికి ఒకటి. ఏడింటినీ వాడిన మాటకు ఇంకో ఏడు అదనం.

ఈ ఆటలో జనం ఓడిపోయేది ఎక్కువగా ఒక్క చోటే, వాడేసిన అక్షరాన్ని మళ్లీ వాడటం గుర్తుకు రాదు. ఏ, ఈ, ఐ, ఎల్, ఎన్, ఓ, టీ ఇచ్చారనుకుందాం, మధ్యలో ఎల్. ఏడింటినీ ఒక్కోసారి వాడితే ఎలేషన్ వస్తుంది, కాలిగోరు అనే అర్థంలో టోనెయిల్ వస్తుంది. పద్నాలుగేసి పాయింట్లు. చాలామంది అక్కడితో సంతోషపడిపోతారు. అవే అక్షరాలను తిప్పి వాడితే పది అక్షరాల ఏలియనేషన్ ఉంది. దాని పైన పదకొండు అక్షరాల ఇంటెన్షనల్ ఉంది, ఎన్ మూడుసార్లు, ఐ, టీ రెండేసిసార్లు పడిన మాట. బోనస్‌తో కలిపి 18 పాయింట్లు. అదెలా పెరిగిందో చూస్తే తోకల సంగతి మళ్లీ తేటపడుతుంది. ఇంటెంట్, దానికి ఐ-ఓ-ఎన్ చేరి ఇంటెన్షన్, దానికి ఏ-ఎల్ చేరి ఇంటెన్షనల్. తోక మీద తోక. మధ్య అక్షరం ఎల్ కాబట్టి ఇంటెన్షన్ ఒక్కటే చెబితే చెల్లదు. అటెన్షన్, ఇంటొనేషన్, అనొటేషన్ అన్నీ అదే కారణంతో పోతాయి. మధ్యలో టీ ఉంటే అవన్నీ వచ్చేవి. ఏడు అక్షరాలూ అవే అయినా మధ్యలో ఏది కూర్చుందన్నదాన్ని బట్టి ఆట తేలికో కష్టమో తేలిపోతుంది.

ఈ ఆన్‌లైన్ ఆటలో ఎస్ ఇవ్వరు. కారణం ఊహించడం కష్టం కాదు. ఎస్ ఉంటే ప్రతి నామవాచకానికీ బహువచనం, ప్రతి క్రియకూ ఇంకో రూపం. ఆలోచన లేకుండా జాబితా రెట్టింపవుతుంది, ఆట కాస్తా గుమాస్తా పని అవుతుంది. నెస్, లెస్, ఇజం, ఇస్ట్ లాంటి మంచి తోకలు కూడా ఎస్‌తో పాటే పోయాయన్న మాట నిజమే, అయినా ఇది సరైన నిర్ణయమే అనిపిస్తుంది.

అంతకు చాలా ముందే స్క్రాబుల్ తయారు చేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ ఇదే చిక్కును ఇంకోలా తప్పించుకున్నాడు. 1930లలో ఉద్యోగం పోయిన ఈ న్యూయార్క్ ఆర్కిటెక్ట్, ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో వార్తాపత్రికల్లో లెక్కపెట్టి బిళ్లల సంఖ్య తేల్చాడు. ఇంగ్లిష్ ఆటలోని వంద బిళ్లల్లో ‘ఈ’ పన్నెండు, ‘ఏ’, ‘ఐ’ తొమ్మిదేసి. వాడుకలో అంత విరివిగా కనిపించే ఎస్ మాత్రం నాలుగే. ఎస్ చేతికొస్తే గట్టి ఆటగాళ్లు దాన్ని చిన్న మాటకు ఖర్చు పెట్టరు.

అసలు ఆ ఆటలో గెలుపు చేతిలో ఏం మిగుల్చుకున్నామన్నదాని మీదే ఉంటుంది. ఏడు బిళ్లలూ ఒకేసారి వాడితే 50 పాయింట్లు అదనం. అందుకే ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ లాంటి కలయిక కోసం కాచుకుంటారు. ఆ ఏడింటితో రిటెయిన్స్, రెటినాస్, నాస్టియర్, స్టెయినర్, గ్రీకు ద్రాక్షసారా రెట్సీనా, ఇంకా కొన్ని ఏడక్షరాల మాటలు వస్తాయి. మంచి అక్షరాలంటే ఏవని అడిగితే సమాధానం ఇక్కడుంది: ఎక్కువ తోకల్లో పాలుపంచుకునేవి. ఈ-ఆర్, ఐ-ఎన్, ఈ-ఎస్-టీ, ఐ-ఎస్-టీ, ఏ-టీ-ఈ అన్నీ ఆ ఏడింటిలోనే ఉన్నాయి.

అర్థం తెలియకపోయినా

న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచ్ మాట్లాడటం రాదు. ఫ్రెంచ్ స్క్రాబుల్ మాటల పుస్తకాన్ని తొమ్మిది వారాల్లో బుర్రకెక్కించుకున్నాడని అప్పట్లో వార్తలొచ్చాయి. 2024లో స్పెయిన్‌లోని గ్రనాడాలో స్పానిష్ పోటీ కూడా గెలిచాడు. పదసంపద ఎంత ఉంటే అంత గెలుపు అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడని సంగతి. అక్షరాల వరుసలను ఆకారాలుగా గుర్తుపెట్టుకునే శక్తి వేరు, భాష రావడం వేరు.

అమెరికాలో తెలుగు కుటుంబాలు టెన్షన్ పడుతూ చూసే స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ దీనికి పూర్తిగా ఎదురు దిక్కు. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి గెలిచిన ఆ పోటీలో మాట ముందే చెబుతారు, అర్థం చెబుతారు, ఏ భాష నుంచి వచ్చిందో కూడా అడగొచ్చు. పిల్లలు చెప్పాల్సింది అక్షరాలు. అక్కడ ఏళ్ల తరబడి సాధన చేసే లాటిన్, గ్రీకు ధాతువులు, ముందు చేరేవి, వెనక చేరేవి ఇక్కడా అక్కరకొస్తాయి. అయినా స్పెల్లింగ్ బీ పిల్లాడు కౌంట్‌డౌన్‌లో గెలిచి తీరతాడని చెప్పలేం. మాట నుంచి అక్షరాలకు వెళ్లడం, అక్షరాల నుంచి మాటకు రావడం ఒకే దారిలా కనిపిస్తాయి గానీ, రెండో దారిలో ఎటు మళ్లాలో చెప్పే బోర్డులుండవు.

కంప్యూటర్‌కి ఆ బోర్డులు అక్కర్లేదు. అది వాడే చిట్కా చాలా సులువైనది. ప్రతి మాటలోని అక్షరాలనూ ఏబీసీడీల వరుసలో సర్ది పక్కన రాసుకుంటుంది. ట్రయాంగిల్, ఇంటిగ్రల్, అలర్టింగ్ మూడూ సర్దాక ఒకటే అవుతాయి: ఏ-ఈ-జీ-ఐ-ఎల్-ఎన్-ఆర్-టీ. ఆ వరుసను అడిగితే మూడూ ఒకేసారి బయటికొస్తాయి. తొమ్మిది వేర్వేరు అక్షరాల నుంచి కొన్నో అన్నో తీసి పేర్చే పద్ధతులు మొత్తం 9,86,409 ఉంటే, పేర్చకుండా ఊరికే ఎంచుకునే గుంపులు 511 మాత్రమే. పెద్ద గుంపుల నుంచి చిన్నవాటికి దిగుతూ 511 సార్లు జాబితాలో చూస్తే పని అయిపోతుంది. న్యూయార్క్ టైమ్స్ స్పెల్లింగ్ బీకైతే ఇంకా తక్కువ. అక్కడ మళ్లీ మళ్లీ వచ్చే అక్షరాన్ని ఒక్కసారే రాసుకుంటే చాలు. మధ్య అక్షరం ఎలాగూ ఉండాలి కాబట్టి మిగిలిన ఆరింటితో అయ్యే గుంపులు 64. స్క్రాబుల్ గట్టిగా ఆడేవాళ్లు కూడా బిళ్లలను ఇలాగే ఏబీసీడీల వరుసలో పెట్టుకుని సాధన చేస్తారు.

1988లో ఆండ్రూ ఆపెల్, గై జాకబ్సన్ స్క్రాబుల్ ఆడే ప్రోగ్రాం గురించి రాసిన పరిశోధన పత్రంలో ఇంకో ముచ్చట ఉంది. మాటలను చెట్టు కొమ్మల్లా పేరిస్తే ఒకే మొదలున్న మాటలు ఒకే కొమ్మ మీదకు వస్తాయి. వాళ్లు చివర్లను కూడా కలిపేశారు. వేల మాటలకు ఇంగ్ ఒకటే, ఈడీ ఒకటే కాబట్టి వాటిని ఒక్కసారి రాసుకుంటే చాలు, జాబితా పట్టే చోటు చాలా తగ్గిపోతుంది. తోకలు తక్కువ, మొదళ్లు ఎక్కువ అన్న సంగతి మెషిన్ మెమరీలో కూడా లాభంగా తేలింది.

అయితే మెషిన్ ఇచ్చే జవాబు దానికిచ్చిన జాబితా అంత మంచిదే. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం తరహా కంప్యూటర్లలో కొన్నింట్లో ఉచితంగా ఉండే మాటల ఫైలు వెబ్‌స్టర్స్ 1934 నాటి డిక్షనరీ నుంచి తీసింది, సుమారు 2.35 లక్షల మాటలు. కాపీరైట్ గడువు తీరిపోయింది కాబట్టి అది దొరికింది. అందులో ఎవరూ వినని మొక్కల పేర్లు, పురుగుల పేర్లు కుప్పలుగా ఉంటాయి, వెబ్‌సైట్ అనే మాట ఉండదు. బహువచనాలూ, క్రియల మారు రూపాలూ చాలావరకు ఉండవు. అంటే తోకల మీద నడిచే ఆటకు తోకలు కత్తిరించిన జాబితా. ఉత్తర అమెరికా బయట స్క్రాబుల్ పోటీల్లో ఎక్కువగా వాడే కాలిన్స్ జాబితాలో దాదాపు 2.8 లక్షల మాటలున్నాయి, అందులో ఆ రూపాలన్నీ ఉంటాయి. న్యూయార్క్ టైమ్స్ స్పెల్లింగ్ బీ జాబితాను సంపాదకులు చేత్తో ఏరతారు, మామూలు మనిషికి తెలియదనిపించినవి తీసేస్తారు. అందుకే సాఫ్ట్‌వేర్ చూపించిన పెద్ద మాట ఆటలో చెల్లక చాలామంది విసుక్కుంటారు.

ఇక మూడో రకం ప్రశ్న. ఇచ్చిన అక్షరాలన్నీ ఉండాలి, వేరేవి ఎన్నయినా ఉండొచ్చు. మాట పొడుగయ్యే కొద్దీ అక్షరాలన్నీ అందులో ఇమిడే అవకాశం పెరుగుతుంది కదా అనిపిస్తుంది. బూడిద రేణువులు పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు పేరని చెప్పే న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కనోకోనియోసిస్‌లో 45 అక్షరాలున్నాయి. 1935లో అమెరికా పజిల్ ప్రియుల సంఘం అధ్యక్షుడిగా ఉన్న ఎవరెట్ స్మిత్, పొడవు కోసమే పుట్టించిన మాట అది. ఆ 45లో వేర్వేరు అక్షరాలు లెక్కపెడితే 14. కాపీరైట్ పెట్టడానికి వీల్లేనిది అనే అర్థమున్న అన్‌కాపీరైటబుల్‌లో మొత్తమే 15 అక్షరాలు, పదిహేనూ వేర్వేరు. మూడో వంతు పొడవున్న మాట ఒక అక్షరం ఎక్కువే పట్టింది. పొడవైన మాటలు తోకలతో, అతుకులతో పెరుగుతాయి కాబట్టి అవే అక్షరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. అరుదైన అక్షరాలు కావాలంటే పొడవును నమ్ముకోకూడదు.

అరుదైన అక్షరాల దగ్గర ఈ పద్ధతి మొత్తం చేతులెత్తేస్తుంది, ఎందుకంటే అవి ఎక్కువగా అరువు మాటల్లో ఉంటాయి. అరువు మాటలకు ఇంగ్లిష్ తోకలుండవు. తెలుగు పందికొక్కు నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన బ్యాండికూట్ తొమ్మిది అక్షరాలు, కౌంట్‌డౌన్‌కు సరిగ్గా సరిపోయే కొలత. ఆ తొమ్మిదీ ఎదురుగా పెడితే పట్టుకోవడానికి పిడి ఉండదు. ఐ-ఓ-ఎన్ కనిపిస్తుంది, అది తప్పుదారి. మాట ముందే తెలిసి ఉండాలి, అంతే. క్యూ పక్కన యూ లేని మాటలదీ ఇదే వరస. ఇంగ్లిష్ చదువులో క్యూ వెంట యూ ఉండి తీరాలని నేర్పుతారు కాబట్టి, యూ లేకుండా క్యూ వస్తే ఆ బిళ్ల పనికిరాదనుకుని కూర్చుంటారు. హైదరాబాద్ చెవులు రోజూ వినే బుర్ఖా, తలాఖ్, ఖవ్వాలీ మూడింటికీ కాలిన్స్ జాబితాలో క్యూతో రాసే రూపాలున్నాయి, ఒక్కదానిలోనూ క్యూ వెనక యూ లేదు. ఖవ్వాలీ అయితే ఏడు అక్షరాలు, బల్ల మీద ఒకేసారి దించితే 50 పాయింట్ల బోనస్.